భీమిలి బీచ్‌కి డెవలప్‌మెంట్ వస్తోందంటే ముందు ఏం అడగాలి?

మీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి దాన్ని రెండు ముక్కల్లో చెప్తాను. మీది భీమిలి, బీచ్‌కి దగ్గర్లో పాత పెంకుటిల్లు ఉంది, అమ్మగారు రోడ్డు పక్కన ఎండు చేపలు అమ్ముతారు, మీరు వైజాగ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. బీచ్‌ఫ్రంట్‌కి పెద్ద ప్లాన్ వస్తోందని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు, వార్డులో మీటింగ్ పెడతారట. అక్కడ ఏం అడగాలి, ఇది మంచికా చెడుకా, ఇల్లు అమ్మెయ్యాలా, ఉంచుకోవాలా, హోమ్‌స్టే పెట్టాలా అని మీ ప్రశ్న. నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ఎక్కువ కాలం తీరం ఊళ్ళలోనే పనిచేసి రిటైరయ్యాను, బీచ్ రోడ్లు, పార్కులు, డ్రైన్లు, గోడలు అన్నీ దగ్గరుండి చూసినవాణ్ణి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఒక్కటే. సముద్రం పక్కన ఏం కట్టినా ఒక్కసారి కట్టేసి వదిలేస్తే కుదరదు, ప్రతి ఏడాదీ దానికి డబ్బూ మనుషులూ కావాలి. మీటింగ్‌లో ఎన్ని కోట్లు అని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ప్రారంభోత్సవం అయిన మూడో ఏడాది దీనికి ఎవరు డబ్బు పెడతారు, ఏ పద్దు కింద పెడతారు, ఎంతమందిని పెడతారు అని అడగండి. డీపీఆర్‌లో, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదికలో, నిర్వహణ ఖర్చు అని ఒక పేజీ ఉండాలి. చాలా డీపీఆర్‌లలో ఆ పేజీ ఉంటుంది గానీ అందులో మొత్తం ఖర్చు మీద ఇంత శాతం అని ఒక అంకె వేసి ఊరుకుంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమనండి. ఉదాహరణకి, నగరాలకి కేంద్రం డబ్బిచ్చిన స్మార్ట్ సిటీ మిషన్ 2015లో మొదలైంది, విశాఖ, కాకినాడ రెండూ 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరాల్లో ఉన్నాయి, 2025 మార్చితో ఆ మిషన్ ముగిసింది. కేంద్రం ఇచ్చే డబ్బు కొత్తవి కట్టడానికే వస్తుంది, తర్వాత ఊడవడానికి రాదు. ఊడ్చే ఖర్చు చివరికి పడేది కార్పొరేషన్ మీదే, అంటే ఇంటి పన్ను కట్టే మీ మీదే.

ఇక ఇసుక సంగతి. దీన్ని మిగతా వాటన్నిటికంటే ముందు పెట్టుకోండి, ఎందుకంటే ఇసుక లేకపోతే బీచే లేదు. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి, ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి వస్తుంది, ఏడాది మొత్తం మీద లెక్క తీస్తే ఎక్కువ భాగం ఉత్తరానికే వెళ్తుంది. దారిలో ఏదైనా అడ్డం కడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఇది మీకు దగ్గర్లోనే కళ్ళారా చూడొచ్చు. విశాఖ ఓడరేవు 1933లో తెరిచినప్పటి నుంచే డాల్ఫిన్ నోస్ దగ్గర ఇసుకతో తగాదా ఉంది, అప్పట్లో రెండు పాత ఓడల్ని అక్కడే ముంచి వాటిని అడ్డుకట్టగా వాడారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది, పెద్ద బ్రేక్‌వాటర్లు, అంటే సముద్రంలోకి అలల్ని ఆపే రాళ్ళ కట్టలు, కట్టారు. వాటికి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి సహజంగా రావాల్సిన ఇసుక ఆగిపోయింది. అందుకే పోర్టువాళ్ళు అక్కడ చేరిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి పైపుల్లో బీచ్‌కి పంపాల్సి వస్తోంది. ఒక ఏడాది ఆ పని సరిగ్గా జరగకపోయినా, పెద్ద తుపాను వచ్చినా, కోత వెంటనే బయటపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక బీచ్ రోడ్డు అంచు దాకా సముద్రం ఎలా వచ్చిందో వైజాగ్ వాళ్ళెవరూ మర్చిపోలేదు. అంటే మనం ఫొటోలు దిగే ఆ బీచ్ చాలావరకు ప్రతి ఏడాదీ యంత్రాలతో నింపుకుంటున్న బీచ్.

భీమిలి కథ కొంచెం వేరు. మీకు గోస్తనీ నది ఉంది, అది కొండల నుంచి తెచ్చే ఇసుక మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, చేరుతుంది. కానీ ఆ నది మీద పైన తాటిపూడి రిజర్వాయరు ఉంది, 1960లలో కట్టినది, వైజాగ్‌కి తాగునీళ్ళు కూడా అక్కడి నుంచే వెళ్తాయి. రిజర్వాయరులో నీళ్ళే కాదు, ఇసుక కూడా ఆగిపోతుంది. దిగువన ఎక్కడైనా ఇసుక తవ్వకాలుంటే మిగిలినదీ పోతుంది. వేసవిలో మొగ పూడి దిబ్బ కట్టడం, వరదకి తెగడం మీ పెద్దవాళ్ళు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. ప్లాన్‌లో ఆ మొగ దగ్గర ఏదైనా గట్టు, జెట్టీ, రాళ్ళ వరస ఉందంటే, దానివల్ల ఇసుక ఎటు మళ్ళుతుందో లెక్క వేశారా, ఎవరు వేశారు, ఎన్నేళ్ళ డేటాతో వేశారు అని కాగితం మీద అడగండి. వర్షాకాలం అయ్యాక ఒక్కసారి వచ్చి కొలిచి వెళ్తే సరిపోదు, ఎందుకంటే ఫిబ్రవరిలో ఉండే ఒడ్డు ఆగస్టులో ఉండదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు, సర్వేలు పెట్టి చూసి దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురైందని తేల్చింది. ఆ మ్యాపులు బయటే ఉన్నాయి, మీ ఒడ్డు ఏ రంగులో ఉందో చూపించమనండి.

కోత ఉందంటే వెంటనే గోడ కట్టేద్దాం అంటారు. కాకినాడ దగ్గర ఉప్పాడ వెళ్ళి చూడండి. అక్కడ ఇళ్ళు, గుళ్ళు, పాత రోడ్డు సముద్రంలో కలిసిపోయాయి, ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు పరిచారు, వాటినీ అలలు చీల్చేశాయి, రాళ్ళు పోశారు, తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ రోడ్డు మూసేస్తున్నారు. గోడ దాని వెనకున్న రోడ్డును కొంతకాలం కాపాడుతుంది, నిజమే. కానీ అల వచ్చి నిలువు గోడకి కొట్టుకుని వెనక్కి వెళ్ళేటప్పుడు గోడ కాళ్ళ దగ్గర ఇసుకని తవ్వుకుపోతుంది, కాబట్టి గోడ ముందు బీచ్ మిగలదు. గోడ ఎక్కడ ఆగిపోతుందో ఆ పక్క ఊరికి కోత పెరుగుతుంది. పుదుచ్చేరిలో ఇదే జరిగింది. 1980ల చివర్లో హార్బర్ బ్రేక్‌వాటర్లు కట్టాక ఊరి ముందున్న ఇసుక మొత్తం పోయి రాళ్ళ గోడ మాత్రం మిగిలింది, ఆ రాళ్ళు పేర్చుకుంటూ పోయేకొద్దీ కోత ఉత్తరాన తమిళనాడు జాలరి పల్లెల మీద పడింది. ఒక తరం పిల్లలు అక్కడ బీచ్ లేకుండానే పెరిగారు. తర్వాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు 2018 ప్రాంతంలో నీళ్ళలో మునిగి ఉండే ఒక దిబ్బలాంటి కట్టడం పెట్టి అలల బలం తగ్గించారు, ఇసుక కూడా తెచ్చి పోశారు, సచివాలయం ముందు మళ్ళీ ఇసుక కనిపించింది. నేను దాన్ని మంచి పని అనే అంటాను. కానీ ఆ ఒక్క ముక్క తెచ్చుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

మీ ఊళ్ళో ఇంకా ఇసుక దిబ్బలు, వాటి మీద పాకే ఊదారంగు పూల తీగ, మొగలి పొదలు, సరుగుడు తోటలు ఎక్కడెక్కడ మిగిలాయో వాటిని ప్లాన్‌లో చదును చేసి లాన్లూ పేవర్ బ్లాకులూ వేస్తామంటే మాత్రం గట్టిగా వద్దనండి. తుపాను రోజున మొదటి దెబ్బ తినేది ఆ దిబ్బే, పైసా ఖర్చు లేకుండా మళ్ళీ పెరిగేదీ అదే. లాన్‌కి తాగునీళ్ళు పొయ్యాలి, ఉప్పుగాలికి ఆరు నెలల్లో ఎండిపోతుంది.

తర్వాత మురుగు. మీటింగ్‌లో ఎవరూ ఎత్తని విషయం ఇది. ఊరి గెడ్డలు, అంటే వాననీళ్ళూ మురుగూ పోయే కాలువలు, ఎక్కడెక్కడ బీచ్‌లోకి వచ్చి కలుస్తున్నాయో మీరే ఒక ఆదివారం నడిచి చూసి ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. వైజాగ్ బీచ్ రోడ్డు మీద ఎన్ని కోట్లు పెట్టినా గెడ్డల్లోంచి నల్లటి నీళ్ళు ఇసుక మీదుగా సముద్రంలోకి పోవడం పూర్తిగా ఆగలేదు, వానాకాలంలో అయితే మరీ ఎక్కువ. సముద్రంలో స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలత ఉంది, 100 మిల్లీలీటర్లలో మలసంబంధమైన కోలిఫాం 100 దాటకూడదు. మీ బీచ్ దగ్గర నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, వానాకాలంలో చేశారా ఎండాకాలంలో చేశారా అని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. కొత్త హోటళ్ళకి, ఫుడ్ కోర్టుకి డ్రైనేజీ లైను ఎక్కడికి కలుపుతారో డ్రాయింగ్‌లో చూపించమనండి. సెప్టిక్ ట్యాంక్ అంటే ఇసుక నేలలో అది నేరుగా బావుల్లోకే దిగుతుంది. మురుగు లైను, పంపింగ్ స్టేషను పూర్తయ్యాకే మిగతా బిల్లులు అని రాయించగలిగితే మీరు ఊరికి చాలా మేలు చేసినట్టే.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. బీచ్ రోడ్డు మీద ఏ రెయిలింగ్ దగ్గరికైనా వెళ్ళి అది నేలలోకి దిగే చోట వంగి చూడండి. పైన గొట్టం తళతళలాడుతూ ఉంటుంది, కింద బేస్ ప్లేటు, నాలుగు బోల్టులు ఉన్నచోట గోధుమరంగు నీరు కారినట్టు చారలు, చేత్తో తాకితే పొరలు పొరలుగా ఊడొచ్చే తుప్పు. పెయింట్ పైన వేస్తారు, నీళ్ళు నిలిచేది కింద. మామూలు ఇనుము అయితే రెండు మూడు వానాకాలాలకే గోవిందా. స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాస్తే సరిపోదు, 304 గ్రేడు సముద్రం పక్కన మచ్చలు పడుతుంది, 316 కావాలి, రేటు ఎక్కువ. టెండరులో గ్రేడు రాయకపోతే కాంట్రాక్టరు తక్కువ రకమే వేస్తాడు, అతన్ని అని లాభం లేదు. కాంక్రీటుకీ అంతే. సముద్రపు తుంపర పడే చోట కాంక్రీటు ఎం35 గ్రేడుకి తగ్గకూడదని, లోపలి కడ్డీకి కనీసం 50 మిల్లీమీటర్ల కవరు, అంటే కడ్డీ మీద కాంక్రీటు పొర, ఉండాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456లో ఉంది. బెంచీ కాలు పగిలి లోపల కడ్డీ కనిపిస్తోందంటే ఆ కవరు ఇవ్వలేదనే అర్థం. నన్నడిగితే తీరానికి మరీ దగ్గరగా ఇనుము వీలైనంత తక్కువ పెట్టాలి. రాతి బల్ల, చెట్టు నీడ, ఇసుక మీదుగా చెక్కబాట, ఇవి చూడ్డానికి సాదాగా ఉంటాయి గానీ నిలబడతాయి.

నిర్వహణ గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే రుషికొండ బీచ్ మీకు పావుగంట, ఇరవై నిమిషాల దూరంలోనే ఉంది. 2020లో దేశంలో ఎనిమిది బీచ్‌లకి బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, వాటిలో రుషికొండ ఒకటి. నీటి నాణ్యత, శుభ్రత, భద్రత, పర్యావరణ అవగాహన, అన్నీ కలిపి 33 ప్రమాణాలు. అంతా గర్వపడ్డాం, నేనూ పడ్డాను. 2025 మొదట్లో చెత్త, వీధికుక్కలు, పాడైన సౌకర్యాల ఫొటోలు పైకి వెళ్ళడంతో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది, ఆదరాబాదరాగా బాగుచేశాక కొద్ది వారాల్లో మళ్ళీ ఇచ్చారు. వారాల్లో బాగుచేయగలిగిన పని అంతకు ముందు ఎందుకు చేయలేదు? రోజూ చేసే మనిషికి జీతం, అతని మీద అజమాయిషీ, చెడిపోయిన కుళాయి మార్చడానికి చేతిలో చిన్న మొత్తం, ఇవి లేకనే. అలాగే 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించిన మర్నాడే దాని చివరి భాగం వేరుపడి దూరంగా తేలుతూ కనిపించింది. పరీక్ష కోసం తామే విడదీశామని అధికారులు అన్నారు, సరే. నా అభ్యంతరం దాని మీద కాదు. బంగాళాఖాతం అలలకి తేలే వస్తువు పెడితే ఏడాదిలో ఎన్ని రోజులు జనాన్ని దాని మీదికి పంపగలమో ముందే లెక్క ఉండాలి. మీ ప్లాన్‌లో అలాంటిది ఉంటే ఆ లెక్క అడగండి.

ఇప్పుడు మనుషుల గురించి. అమ్మగారి విషయం మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ నాకు అదే అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది. బీచ్ ఖాళీ స్థలమని ప్లాన్ గీసేవాళ్ళు అనుకుంటారు. అలివి వల లాగేవాళ్ళకి అది పనిచేసే చోటు. రెండు తాళ్ళు, అటో జట్టు ఇటో జట్టు, లాగుతూ లాగుతూ దగ్గరికి రావాలంటే ఒడ్డు పొడవునా అడ్డం లేకుండా ఉండాలి. మధ్యలో సిమెంటు మెట్లు, సెల్ఫీ పాయింటు కడితే ఆ వల అక్కడ ఇక పడదు. నావలు పైకి లాగి పెట్టుకోవడానికి, వలలు బాగుచేసుకోవడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి చోటు కావాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను పడవలకి వేట నిషేధం, అప్పుడు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, సరిగ్గా సెలవులకి టూరిస్టులు వచ్చే రోజులే అవి. ఆ రెండు నెలలు పడవలు ఎక్కడ ఉంటాయో ప్లాన్‌లో గీసి ఉందా?

దీనికి మీ చేతిలో ఒక మంచి ఆయుధం ఉంది. 2019 జనవరి నాటి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రాంత ప్రణాళిక మ్యాపుల్లో, సర్వే నంబర్లు కనిపించే 1:4000 స్కేలులో, జాలరి పల్లెలు, వాళ్ళ ఉమ్మడి స్థలాలు, జెట్టీలు, ఐస్ ప్లాంట్లు, చేపలు ఎండబెట్టే చోట్లు అన్నీ గుర్తించి చూపించాలి. మీ పేట పెద్దలతో కలిసి ఆ మ్యాపు తెప్పించుకుని చూడండి. అమ్మగారు, వాళ్ళ తోటివాళ్ళు చేపలు ఎండేసే దిబ్బ అందులో లేకపోతే, అది లేదని ఇప్పుడే లిఖితపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. తర్వాత అది ప్రభుత్వ ఖాళీ భూమి అనేస్తారు. రోడ్డు పక్క అమ్మకానికి వేరే చట్టం, 2014 వీధి వ్యాపారుల చట్టం. సర్వే చేసి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు, చోటు మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు మహిళలు. అమ్మగారి పేరు సర్వేలో ఉందా, కార్డు ఉందా, ముందు అది చూసుకోండి. పని మొదలయ్యాక పరుగెత్తితే ఎవరూ పట్టించుకోరు. కొత్తగా కట్టే స్టాళ్ళు వేలం పాటలో ఇస్తారా, ఇప్పుడున్న వాళ్ళకే ఇస్తారా అన్నది కూడా మీటింగ్ మినిట్స్‌లో రాయించాలి. వేలం అంటే అమ్మగారికి రాదు, బయట నుంచి వచ్చిన ఐస్‌క్రీం వాడికి వస్తుంది.

లైట్ల గురించి క్లుప్తంగా. మీ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ వాళ్ళు గుడ్లు సేకరించి పొదిగిస్తున్నారు. పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి. తెల్లటి ఫ్లడ్‌లైట్లు ఇసుక మీదికి కొడితే సముద్రం వైపు కాకుండా రోడ్డు మీదికి వచ్చేస్తాయి. తక్కువ ఎత్తు, పసుపు వెలుతురు, నీళ్ళ వైపు మూసి ఉన్న లైట్లు పెడితే చాలు, కరెంటూ తగ్గుతుంది. భద్రతకి మాత్రం ఎక్కడా తగ్గొద్దు. మొగ దగ్గర పోటు తగ్గేటప్పుడు నీళ్ళు మనిషిని సముద్రంలోకి లాగుతాయి, బయటి ఊళ్ళ నుంచి వచ్చే కుర్రాళ్ళకి అది తెలియదు. ఎన్ని బోర్డులు పెడతారని కాదు, ఆదివారం సాయంత్రం ఎంతమంది గజ ఈతగాళ్ళు డ్యూటీలో ఉంటారో అడగండి, ఆ ఉద్యోగాలు మీ పేట కుర్రాళ్ళకే ఇమ్మనండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలలకీ ప్రవాహాలకీ హెచ్చరికలు ఇస్తూనే ఉంటుంది, అవి బీచ్‌లో మైకులో వినిపించే ఏర్పాటు పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంతా చెప్పి డెవలప్‌మెంట్ వద్దంటున్నానని అనుకోకండి. కావాలి. భీమిలికి ఎప్పుడో రావాల్సింది. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే వచ్చి వ్యాపారం చేసిన రేవు అది, 1824 ఒప్పందంతో వాళ్ళ స్థావరాలు ఇంగ్లిష్ వాళ్ళకి వెళ్ళాయి, 1861లోనే మున్సిపాలిటీ అయింది. మన రాష్ట్రంలోని బాగా పాత మున్సిపాలిటీల్లో అదొకటి. ఓడలు రావడం ఆగిపోయింది, పక్కన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది, వేలమంది బతుకులు రోడ్డున పడ్డాయి, ఊరు విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీలో కలిసిపోయింది. ఇలాంటి ఊరికి పని కావాలి, డబ్బు కావాలి. ఎలాంటి డబ్బు అన్నదే ప్రశ్న. వైజాగ్ నుంచి సాయంత్రం నాలుగింటికి కారేసుకుని వచ్చి, మీ వీధిలో పార్క్ చేసి, మొక్కజొన్న పొత్తు తిని, ప్లాస్టిక్ సీసా పడేసి, ఏడింటికి వెళ్ళిపోయే మనిషి వల్ల ఊరికి మిగిలేది చెత్తే. ఒక రాత్రి ఉండి, పొద్దున్నే ఒడ్డున చేపల వేలంపాట చూసి, మీ ఇంట్లో టిఫిన్ చేసి, ఊళ్ళో రెండు పూటలు తిరిగే మనిషి కావాలి. అతనికి చూపించడానికి మీకు ఏం తక్కువ? డచ్చి సమాధులు, పాత లైట్‌హౌస్, గడియారస్తంభం, చర్చి, కొండ మీద నరసింహస్వామి గుడి, పావురాళ్ళకొండ బౌద్ధ స్థలం, రోడ్డు మీదే ఎర్రమట్టి దిబ్బలు. ఆ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి కూడా ఎక్కాయి. మామూలు దిబ్బలు కావవి, వేలాది సంవత్సరాల కిందటి ఇసుక, సముద్రం ముందుకీ వెనక్కీ జరిగిన చరిత్ర అంతా వాటిలో ఉంది. కొత్తగా ఫైబర్ బొమ్మలు పెట్టే డబ్బుతో ఆ సమాధుల ప్రహరీ బాగుచేసి, పిచ్చిమొక్కలు తీసి, ఒక కాపలా మనిషిని పెట్టి, తెలుగులో నాలుగు మంచి బోర్డులు రాయిస్తే పదేళ్ళు నిలుస్తుంది. పాత ఇళ్ళు కూలగొట్టకుండా బాగుచేసుకునేవాళ్ళకి పన్నులో కాస్త తగ్గింపు ఇవ్వమని కూడా అడగండి. మీ వీధి చివర మిగిలిన పెంకుటిళ్ళు అరుగులతో సహా పోయాక వచ్చేవాడికి భీమిలికీ వైజాగ్ శివారు మధురవాడకీ తేడా తెలియదు.

చివరిగా మీ ఇల్లు. భోగాపురం ఎయిర్‌పోర్ట్ మాట మొదలైన దగ్గర్నుంచి అటువైపు భూమి రేట్లు ఎలా పెరిగాయో నాకంటే మీకే బాగా తెలుసు, బ్రోకర్లు ఫోన్లు చేస్తూనే ఉంటారు. డబ్బుకి మరీ ఇబ్బంది లేకపోతే ఇప్పుడు అమ్మకండి. ప్లాన్ ఖరారు కాకముందు కొనేవాడు మీకు తెలియనిది ఏదో తెలిసే కొంటాడు. ముందు మీ సర్వే నంబరు సీఆర్‌జెడ్ మ్యాపులో ఎక్కడ పడుతుందో చూడండి. పోటు గీత, అంటే పెద్ద పోటుకి నీళ్ళు చేరే హద్దు, నుంచి 500 మీటర్ల లోపల ఉంటే ఆ నిబంధనలు వర్తిస్తాయి. పట్టణంలో ఇళ్ళున్న భాగం అయితే సీఆర్‌జెడ్ రెండో రకం, ఇప్పటికే ఉన్న రోడ్డుకి గానీ అనుమతి ఉన్న కట్టడాలకి గానీ భూమి వైపున ఉంటే కట్టుకోవచ్చు, సముద్రం వైపున ఉంటే కుదరదు. ఎవరైనా మీ స్థలంలో ఐదంతస్తులు లేపి వాటా ఇస్తానంటే ముందు ఈ ఒక్క కాగితం చూపించమనండి, చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. పల్లె ప్రాంతం అయినా స్థానికులు తమ ఇంటి విస్తీర్ణం, ముఖభాగం మార్చకుండా హోమ్‌స్టే నడుపుకోవడానికి 2019 నోటిఫికేషన్‌లోనే వీలుంది, అంటే మీ పెంకుటిల్లు ఉన్నది ఉన్నట్టుగానే మీకు ఆస్తి. దూలాలకి చెద పట్టిందేమో చూపించుకోండి, పెంకు తిరగవేయించండి, గోడలకి సిమెంటు పూయకండి. పాత సున్నపు గోడ చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు పూస్తే లోపలే పట్టుకుని ఉప్పు పొంగి పెళ్ళలు ఊడతాయి, కాబట్టి సున్నమే వేయించండి. రెండు గదులు, శుభ్రమైన బాత్‌రూములు, అమ్మగారి చేతి చేపల పులుసు. అంతకంటే పెద్దగా మొదలుపెట్టకండి, అప్పు చేసి అసలు పెట్టకండి. శని, ఆదివారాలు గదులు నిండుతాయి, మంగళవారం ఎవరూ రారు, ఆ లెక్కతోనే చూసుకోండి.

మీటింగ్‌కి ఒక్కరే వెళ్ళకండి. పేట పెద్దలు, అమ్మగారితో అమ్మే ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, అందరూ సంతకాలు పెట్టిన ఒక్క కాగితం తీసుకెళ్ళి ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి నంబరు వేయించుకోండి. నోటితో అడిగినవి రాతలోకి రావు. డీపీఆర్ కాపీ, సీఆర్‌జెడ్ మ్యాపు, నీటి పరీక్ష రిపోర్టు, వీధి వ్యాపారుల సర్వే జాబితా, ఈ నాలుగూ ముందు అడగండి. చేతికి వచ్చాక మీ సర్వే నంబరు, పేర్లు కనిపించకుండా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, డ్రాయింగ్‌లో డ్రైన్ లెవెల్స్, గోడ చివరలు ఎక్కడ ఆగుతున్నాయో నేను చూసి చెప్తాను.